కాచిన సారాలో కనిపించని విషము

మనలో ననేకులము మద్యమును ముట్టనివారము. అయినను పొరుగువాని ప్రాణముతో మనకు సంబంధము కలదు. 2025 ఏప్రిల్ మాసమున మన మద్నూరున్న కామారెడ్డి జిల్లాలోనే, నసురుల్లాబాద్, బీర్కూర్ మండలములలో కల్తీ కల్లు త్రాగి పలువురు ఆసుపత్రి పాలైరి. కల్లు చెట్టునుండి దించునది, సారా నిప్పుపై కాచునది. రెండింటి కల్తీలు వేరైనను ప్రశ్న ఒక్కటే: విషమున్నదని త్రాగువానికి ముందుగా తెలియునా? సారా విషయమున దీనిని పరిశీలింతము.

నల్లబెల్లమును గాని ఇప్పపువ్వును గాని నీటిలో పులియబెట్టి, కాచి, ఆవిరిని చల్లార్చినచో సారా వచ్చును. అందలి మత్తునకు కారణము ఇథైల్ ఆల్కహాలు. బెల్లము పులియునపుడు మిథైల్ ఆల్కహాలు బహు స్వల్పముగా పుట్టును. ప్రాణము తీయు మోతాదు సాధారణముగా పరిశ్రమలలో వాడు మిథైల్ ఆల్కహాలును కలుపుటచేతనే వచ్చును. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో అరువదిమందికి పైగా మరణించుటకు కారణమిదియే.

మిథైల్ ఆల్కహాలు 64.7 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, ఇథైల్ ఆల్కహాలు 78.4 డిగ్రీల వద్ద మరుగును. కావున మొదట దిగిన సారాను పారబోసినచో విషము పోవునని కొందరి నమ్మకము. అది పొరపాటు. కాచునపుడు రెండును కలిసియే ఆవిరియగును. అంటించినపుడు నీలిమంట వచ్చినచో సారా మంచిదనుటయు నమ్మదగదు, ఏలయన రెండును మండును. రంగు, వాసన, రుచి కూడ విషము జాడ తెలుపజాలవు.

ప్రయోగశాలలో మాత్రము దారి కలదు. సారాకు పొటాషియం పర్మాంగనేటు చేర్చినచో అందలి మిథైల్ ఆల్కహాలు ఫార్మాల్డిహైడుగా మారును. పిదప క్రోమోట్రోపిక్ ఆమ్లమును, గాఢ గంధకామ్లమును కలిపినచో ఊదారంగు తేలును. పరిమాణమును కచ్చితముగా తెలిసికొనుటకు గ్యాస్ క్రోమటోగ్రాఫు వాడుదురు. పాత్రల అతుకులనుండి సీసము దిగినదేమో తెలియుటకు వేరొక పరీక్ష చేయవలెను.

శరీరములో మిథైల్ ఆల్కహాలు ఫార్మిక్ ఆమ్లముగా మారి కంటినరమును చెరచును. ఈ మార్పునకు కాలము పట్టును గనుక త్రాగినవాడు తొలుత బాగుగనే యుండవచ్చును. తరచు పండ్రెండు మొదలు ఇరువదినాలుగు గంటల పిదప వాంతులు, కడుపునొప్పి, ఆయాసము, చూపు మసకబారుట కనిపించును. సకాలమున వైద్యులకడకు చేర్చినచో విరుగుడు మందు, రక్తశుద్ధి కలవు.

కేసు భయముచేతనో సిగ్గుచేతనో రోగిని ఇంట దాచుట తగదు. వెంటనే ఆసుపత్రికి చేర్చి, ఏమి త్రాగెనో దాచక చెప్పవలెను. మిగిలిన సారాను పారబోయక పరీక్షకై అప్పగింపవలెను. ఒకే సీసాలోనిది త్రాగిన తక్కినవారిని కూడ వెదకి వెంట తీసికొనిపోవలెను. చదువుకొన్న మనము ఊరిలో ముందుగా చెప్పవలసిన మాట ఇది.