డయల్ చెప్పే వయసు

కీ ఇచ్చే చేతి వాచీలో స్ప్రింగుకు ఒక పని, పళ్ల చక్రాలకు ఒక పని, బ్యాలెన్స్ చక్రానికి మరో పని ఉన్నాయి. డయల్‌కు మాత్రం తిరిగే పనీ లేదు, తిప్పే పనీ లేదు. ఊడదీసి పక్కన పెట్టినా వాచీ టిక్ టిక్ మంటూనే ఉంటుంది. ఒక పల్చటి ఇత్తడి బిళ్ల, దాని మీద రంగు, రంగు మీద అంకెలు, అంతే. చిత్రమేమిటంటే పాత వాచీల బజారులో ధర కట్టేది ముందుగా ఆ బిళ్లకే. 2017లో న్యూయార్క్‌లో ఫిలిప్స్ సంస్థ వేలం వేసినప్పుడు హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ కట్టుకున్న రోలెక్స్ డేటోనా కోటీ 77 లక్షల డాలర్లు పలికింది. అప్పటి లెక్కన మన డబ్బుల్లో 115 కోట్ల రూపాయలకు అటూ ఇటూ. అందులో ఆయన పేరుకు పడ్డ ధర ఎంతో ఉంది, నిజమే. కానీ ఆయన ఎన్నడూ ముట్టుకోని అదే మోడల్ వాచీల్లో కూడా ఆయన వాచీకి ఉన్న రకం డయల్ ఉన్నదానికి ఒక ధర, మామూలు డయల్ ఉన్నదానికి అందులో కొద్ది వంతు. లోపలి మెషిన్ రెండింటిలోనూ ఒకటే.

అంత డబ్బు ఒక రంగు పూత మీద ఆధారపడితే ఆ పూతను కొత్తగా వేసేవాళ్లు పుట్టుకు రాకుండా ఉంటారా? వచ్చారు. అందుకే పాత వాచీలు సేకరించేవాళ్లు టైము చూడటం మానేసి, భూతద్దం పెట్టి డయల్ చూడటం మొదలుపెట్టారు. అసలు పూత ఏది, మళ్లీ వేసింది ఏది అని తేల్చాలంటే డయల్ ఎలా పుడుతుందో తెలియాలి.

ఇత్తడి రేకును గుండ్రంగా కోసి వెనకవైపు రెండు సన్నటి రాగి కాళ్లు అతుకుతారు. ఈ కాళ్లు మెషిన్ పళ్లెంలోని రంధ్రాల్లోకి దిగి, పక్కనుండే చిన్న మరలతో బిగుస్తాయి. ముందువైపు నునుపు చేసి, విద్యుత్ పద్ధతిలో వెండి పూతో మరొకటో పట్టించి, పైన పల్చటి వార్నిష్ పొర వేస్తారు. ఇక అక్షరాల సంగతి. చదునైన లోహపు పలక మీద అక్షరాలను ఆమ్లంతో తొలుస్తారు. ఆ గుంటల లోతు వెంట్రుక మందం కూడా ఉండదు. పలకంతా సిరా పూసి బ్లేడుతో గీకేస్తే గుంటల్లోని సిరా ఒక్కటే మిగులుతుంది. మెత్తటి ముద్ద ఒకటి వచ్చి ఆ సిరాను ఎత్తుకుని డయల్ మీద దించుతుంది. ఆ ముద్దను తొలిరోజుల్లో జెలటిన్‌తో చేసేవారు, తర్వాత సిలికాన్ వచ్చింది. ముద్ద మెత్తగా ఉంటుంది కాబట్టి డయల్ కాస్త ఉబ్బెత్తుగా ఉన్నా అక్షరం చెదరదు. భూతద్దంలో చూస్తే సిరా మేటవేసినట్టు కొద్దిగా లేచి, అంచులు కత్తితో కోసినంత పదునుగా కనిపిస్తాయి. పెద్ద స్విస్ డయల్ తయారీదారుల పనిలో ఆరు అంకె కింద ఉండే ‘స్విస్ మేడ్’ అనే అతి చిన్న అక్షరాలు కూడా ఇంత శుభ్రంగానే ఉంటాయి. మళ్లీ రంగు వేసేవాళ్లు తరచూ దొరికిపోయేదీ అక్కడే. ఆ అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి, లేదా అసలే ఉండవు.

1950ల నాటి కొన్ని నల్ల డయల్స్‌లో ఇంకో ఒడుపుంది. బంగారు రంగులో కనిపించే అక్షరాలు నిజానికి అచ్చువేసినవి కావు. ముందు ఇత్తడి మీద అక్షరాలను రక్షణ పూతతో అచ్చేస్తారు, తర్వాత డయల్ మొత్తానికి నలుపు పట్టిస్తారు, ఆ తర్వాత రక్షణ పూతను కడిగేస్తారు. అక్షరాల చోట కింది ఇత్తడి బయటపడుతుంది. అంటే అక్షరం నలుపుకు అడుగున ఉంటుంది. ఇలాంటి డయల్‌కు మళ్లీ రంగు వేసినవాడు బంగారు రంగు సిరాతో నలుపు మీద రాస్తాడు. వాచీని వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే అక్షరం లోపల ఉందో పైన ఉందో తెలిసిపోతుంది.

చీకట్లో వెలిగే డయల్స్ కథ వేరు. ఇందులో సైన్సుతో పాటు కన్నీళ్లూ ఉన్నాయి. రేడియం నుంచి వెలువడే ఆల్ఫా కణాలు జింక్ సల్ఫైడ్‌ను తాకితే వెలుగు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల వాచీలకు ఈ మిశ్రమం పూశారు. 1917 నుంచి అమెరికాలోని న్యూజెర్సీలో, ఆరెంజ్ అనే ఊళ్లో ఈ పని చేసిన యువతులు కుంచె మొన సన్నగా రావాలని దాన్ని పెదాలతో తడుపుకునేవారు. అలా చేయమని నేర్పింది పనిలో పెట్టుకున్నవాళ్లే. దవడ ఎముకలు కుళ్లి ఎందరో చనిపోయారు. వాళ్లలో గ్రేస్ ఫ్రయర్, మరో నలుగురు వేసిన దావా 1928లో పరిహారంతో ముగిసింది. పనిచోట కార్మికుల ఆరోగ్యానికి యజమానిదే బాధ్యత అన్న వాదనకు ఆ కేసు పెద్ద బలమిచ్చింది.

డయల్ చూసి తీర్పు చెప్పేవాడికి ఈ రేడియం గొప్ప సాక్షి. రేడియం సగమవ్వడానికి 1,600 ఏళ్లు పడుతుంది. కానీ దాని దెబ్బలు తిన్న జింక్ సల్ఫైడ్ కొన్ని పదుల ఏళ్లలోనే దెబ్బతిని వెలగడం మానేస్తుంది. కాబట్టి 1940ల వాచీ చీకట్లో వెలగకపోవడమే న్యాయం. టార్చి వేసి తీశాక గంటల తరబడి పచ్చగా మెరిసిందంటే ఆ పూత స్ట్రాన్షియం అల్యూమినేట్. ఆ రసాయనం వాచీలకు వచ్చింది 1990ల్లో. ఇంకో ఆనవాలు నాకు మరీ ఇష్టం. ముళ్లలోని రేడియం, వాచీ ఏళ్లపాటు ఆగిపోయి పెట్టెలో పడి ఉంటే, తన కింద ఉన్న డయల్‌ను మాడ్చేస్తుంది. ముళ్లు జరిపి చూస్తే పాత చోట గోధుమరంగు నీడ కనబడుతుంది. ఆ వాచీ ఎన్ని గంటలకు ఆగిపోయిందో డయల్ మీద రాసి ఉన్నట్టే. ఈ మచ్చను నకలు చేయడం తేలిక కాదు. అయితే ఒక హెచ్చరిక: రేడియం వెలగడం మానేసినా చావలేదు. అలాంటి వాచీని ఇంట్లో విప్పడం, పూతను గోకడం, ఆ పొడి పీల్చడం ఎవరూ చేయకూడదు.

1960ల్లో రేడియం పోయి ట్రిటియం వచ్చింది. దాని బీటా కణాలు గ్లాసు దాటి రాలేవు. సగమవ్వడానికి 12 ఏళ్ల పైచిలుకు. యాభై ఏళ్లకు నూటికి ఆరు వంతులే మిగులుతుంది. ట్రిటియం ఉన్న డయల్స్ మీద ‘స్విస్’ అన్న మాటకు అటూ ఇటూ ‘టీ’ అక్షరం అచ్చేసేవారు. 1950ల నాటిదని అమ్ముతున్న వాచీ మీద ఆ అక్షరాలు కనబడ్డాయంటే డయల్ తర్వాత మార్చిందన్నమాట. బహుశా కంపెనీవాళ్లే సర్వీసింగ్‌లో మార్చి ఉండొచ్చు. మోసం లేదు, కానీ పుట్టినప్పటి ముఖమూ కాదు.

ఇక మన దేశానికి వద్దాం. చేతి వాచీ మనకు మొదట దిగుమతి సరుకు. ఫావర్ లూబా 1865లోనే బొంబాయి చేరింది, వెస్ట్ ఎండ్ కంపెనీ 1886లో. సామాన్యుడి చేతికి వాచీ తెచ్చింది మాత్రం హెచ్‌ఎంటీ. 1953లో బెంగళూరులో యంత్రాల తయారీకి పెట్టిన ఈ ప్రభుత్వ సంస్థ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో వాచీలు మొదలుపెట్టింది. తొలి వాచీలను నెహ్రూ విడుదల చేశారు. తర్వాత తుంకూరు, శ్రీనగర్, రాణీబాగ్‌లలో కూడా ఫ్యాక్టరీలు వెలిశాయి. జనతా, పైలట్, కోహినూర్ వంటి పేర్లు ఇంటింటి పేర్లయ్యాయి. తెలుగునాట అప్పట్లో అల్లుడికి పెట్టే వాటిల్లో సైకిలు, ట్రాన్సిస్టర్ పక్కన హెచ్‌ఎంటీ వాచీ ఉండాల్సిందే. వీటిలో చాలావాటికి ప్రాణం 0231 అనే మెషిన్. పదిహేడు రాళ్లు, గంటకు 18 వేల కొట్టుళ్లు, అంటే సెకనుకు ఐదు. డయల్ మీద కనబడే ‘పారాషాక్’ అన్న మాట సిటిజన్ వాచీల నుంచి వచ్చిందే. కింద పడినా బ్యాలెన్స్ చక్రపు ఇరుసు విరగకుండా కాపాడే ఏర్పాటు అది.

ఆ వాచీలను ఎవరూ బీరువాలో దాచుకోలేదు. పొలం పనిలో, బస్సు డ్యూటీలో, బడిలో చాక్‌పీసు పొడి మధ్య కట్టుకున్నారు. చెమటా వానా లోపలికి పోయేవి. మనిషి ఒంటి తేమ, కోస్తా ఉప్పుగాలి ముందుగా దూరేది కీ ఉన్న మూడు గంటల వైపు నుంచి, గ్లాసు అంచు నుంచి. అందుకే నిజంగా వయసైన జనతా డయల్ మీద మచ్చలు అంచుల్లో, మూడు అంకె దగ్గర చిక్కగా ఉండి నడిమికి వచ్చేకొద్దీ పల్చబడతాయి. డయల్ అంతా ఒకే తీరున పసుపు తిరిగి ఉంటే నేను కొంచెం ఆగి ఆలోచిస్తాను. టీ డికాషన్‌లో ముంచి వయసు తెప్పించేవాళ్లూ ఉన్నారు.

డయల్ మరీ పాడైతే అప్పటి మెకానిక్ ఏం చేసేవాడు? పాత పూత గీకి కొత్త రంగు వేయించేవాడు. అది మోసం కాదు, రిపేరు. ఇల్లు వెల్ల వేసుకున్నట్టే. చిక్కు తర్వాత మొదలైంది. క్వార్ట్జ్ వాచీలతో టైటాన్ 1987లో హోసూరులో ఉత్పత్తి మొదలుపెట్టాక కీ వాచీల రోజులు తగ్గుతూ వచ్చాయి. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు ఆమోదం తెలిపింది. అదే నిర్ణయంలో మన హైదరాబాద్‌లోని హెచ్‌ఎంటీ బేరింగ్స్ కూడా పోయింది. మూత వార్తలతో పాత వాచీకి గిరాకీ పెరిగింది. సరుకు లేదు, గిరాకీ ఉంది. దాంతో పాత మెషిన్‌కు కొత్త కేసు, కొత్త రంగు డయల్ తొడిగి అమ్మే వ్యాపారం జోరందుకుంది. విదేశీ సేకర్తలు వీటికి ‘ముంబై స్పెషల్’ అని పేరు పెట్టారు.

హైదరాబాద్ జుమ్మేరాత్ బజారులో ఒకసారి ఇలాంటి పైలట్ ఒకటి చూశాను. నారింజ రంగు డయల్, గ్లాసు తళతళలాడుతోంది. “ఒరిజినల్ అన్నా, మిలిటరీ మాల్” అన్నాడు అమ్మే కుర్రాడు. పైలట్ అనే పేరు చూసి అలా అంటారుగానీ, సైన్యం కోసం హెచ్‌ఎంటీ చేసిన మోడల్ జవాన్. పైలట్‌కు పేరు తెచ్చింది నల్ల డయల్. భూతద్దం పెట్టాను. ‘హెచ్‌ఎంటీ’ గుర్తులో అక్షరాల గీతలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. నిమిషాల గీతలు పన్నెండు దగ్గర అంచును తాకుతున్నాయి, ఆరు దగ్గర అంచుకు దూరంగా ఉన్నాయి. అంటే అచ్చు నడిమి, డయల్ నడిమి ఒకటి కాదు. ముళ్లు ఇరుసు మీద కూర్చునే రంధ్రంలోకి రంగు దిగి గట్టిపడింది. ముళ్ల మీది వెలుగు పూత బూడిదరంగు, అంకెల మీది పూత కొత్త వెన్న రంగు. ఒకే వాచీలో కలిసి ముసలితనం వచ్చినవాటికి ఇంత తేడా ఉండదు. వెనక మూత విప్పించి చూశాను. మూత లోపల గుండుసూదితో గీసిన మెకానిక్‌ల సర్వీసింగ్ గుర్తులు వరసగా ఉన్నాయి. లోపల అంత బతుకు బతికిన వాచీ పైకి నిన్న పుట్టినట్టుంది.

“డయల్ కొత్తది కదా భాయ్” అన్నాను. వాడు నవ్వి, “అన్నా, మెషిన్ అయితే అసలీ కదా” అన్నాడు. అందులో అబద్ధం లేదు. ధరలోనే ఉంది.

డయల్ ఊడదీయనిస్తే వెనకవైపు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. కాళ్లు కోసి, రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించారంటే అది ఈ మెషిన్‌కు పుట్టిన డయల్ కాదు. అలాగని కాళ్లు సరిపోయినంత మాత్రాన అసలుదే అనడానికీ లేదు. ఒకే మెషిన్ మీద చాలా మోడళ్లు నడిపిన హెచ్‌ఎంటీలో ఒకదాని డయల్ ఇంకోదానికి దిగిపోవడం మామూలే. వెనక పాలిష్ చేసిన గీతలు, అంచున గుర్తు కోసం కోసిన చిన్న గాటు రంగు మళ్లీ వేసిన పనికి సాక్ష్యాలు. మరోవైపు, శుభ్రంగా ఉన్న డయల్ అంతా దొంగదే అనుకోవడం కూడా అన్యాయం. పెళ్లిలో పెట్టిన వాచీని ఒక్కరోజైనా కట్టకుండా దాచిన అల్లుళ్లు మన ఊళ్లలో ఉన్నారు. అప్పుడు డయల్, ముళ్లు, కేసు, మూత అన్నీ ఒకే తీరున కొత్తగా ఉంటాయి. చూడాల్సింది మరక ఉందా లేదా అని కాదు, వాచీలోని భాగాలన్నీ ఒకే బతుకు బతికాయా అని.

ఇంత చూశాక నా మాట ఇది. రంగు వేసిన హెచ్‌ఎంటీ వాచీని రంగు వేసిందని తెలిసి, తగ్గ ధరకు కొని, చేతికి కట్టుకుంటే తప్పేమీ లేదు. మెషిన్ బాగుంటే టైము బాగానే చూపిస్తుంది. దాన్నే ‘ఫ్యాక్టరీ పీస్’ అని పది రెట్లు చెప్పేవాడి దగ్గర మాత్రం డబ్బు బయటికి తీయొద్దు. మీ ఇంట్లో తాతగారి జనతా ఉంటే మెకానిక్‌కు ఆయిలింగ్ చేయమనండి, గ్లాసు పగిలితే మార్చమనండి. డయల్‌ను తుడవొద్దని, రంగు వేయించొద్దని ముందే గట్టిగా చెప్పండి. ఒకసారి గీకేసిన పూత మళ్లీ రాదు.