చేతి నరం చచ్చుబడితే శాతమెంత?
మాజీ సైనికుల వైకల్య పింఛను లెక్క ఇదీ

నూజివీడు: మామిడి కోతలంటే చిక్కం కట్టిన గెడను రెండు చేతులా పైకెత్తాలి. సైన్యంలో చేతి నరం దెబ్బతిని తోటకు తిరిగొచ్చిన వారికి అదే గండం. మణికట్టు వాలిపోతే రేడియల్ నరం, చిటికెన, ఉంగరపు వేళ్లు ముడుచుకుపోతే అల్నార్ నరం, బొటనవేలి పట్టు తప్పితే మీడియన్ నరం దెబ్బతిన్నట్లు వైద్యులు అనుమానిస్తారు. మెడ నుంచి భుజంలోకి దిగే నరాల గుచ్ఛమే తెగితే చేయంతా వేలాడుతుంది.

విడుదలకు ముందు సైనిక వైద్య మండలి రెండు సంగతులు నమోదు చేస్తుంది. వైకల్యం ఎంత శాతం అన్నది ఒకటి. అది సర్వీసు వల్ల కలిగిందా, లేక సర్వీసులో ముదిరిందా అన్నది రెండోది. పేచీ అంతా ఇక్కడే. సర్వీసుతో సంబంధం లేదని రాస్తే శాతం ఎంతున్నా వైకల్య పింఛను రాదు. అయితే సైన్యంలో చేరేటప్పుడు నమోదు కాని జబ్బు సర్వీసు వల్ల రాలేదని నిరూపించాల్సిన భారం ప్రభుత్వానిదేనని ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో తేల్చింది.

కనీసం 20 శాతం ఉండాలి. నూరు శాతానికి చివరి వేతనంలో 30 శాతం చెల్లిస్తారు. 50లోపు ఉంటే 50గా, 50 నుంచి 75 వరకు 75గా, ఆపైన 100గా పరిగణిస్తారు. అంటే 20 శాతం వైకల్యమున్నా వేతనంలో 15 శాతం దక్కుతుంది. గడువు ముగిసి విరమించిన వారికీ ఈ సవరింపు వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసు తీర్పు చెప్పింది. 2023 సెప్టెంబరు 21 తర్వాత విడుదలైన వారికి మాత్రం కొత్త నియమావళి ఉంది.

చాలామంది సదరం ధ్రువపత్రాన్ని దీంతో కలిపి చూస్తారు. అది వేరు; దాని శాతం ఇక్కడ పనికిరాదు. తిరస్కరణ ఉత్తర్వు అందితే మొదట అప్పీలు చేసుకోవాలి, ఆపై సాయుధ దళాల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. వైద్య మండలి నివేదిక నకలు చేతిలో లేనివారు ముందుగా తమ రికార్డు ఆఫీసుకు రాసి తెప్పించుకోవాలి.