అభ్యర్థి వయస్సు నిరూపణ: ఓటర్ల జాబితాలోని అంకె చాలదు

విజయవాడ: శాసన సభకు పోటీ చేయు అభ్యర్థికి 25 సంవత్సరాలు నిండి ఉండాలని రాజ్యాంగంలోని 173వ అధికరణం నిర్దేశిస్తున్నది. లోక్‌సభకు 84వ అధికరణం ప్రకారం ఇదే వయోపరిమితి. పంచాయతీలు, పురపాలక సంఘాల ఎన్నికలకు 21 సంవత్సరాలు నిండితే చాలును. నిబంధన ఇంత సూటిగా ఉన్నను, వయస్సును దేనితో నిరూపించాలన్న దగ్గర వివాదాలు తలెత్తుచున్నవి. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంగా పేరొంది, 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో భాగమైన జగ్గయ్యపేట, నందిగామ నియోజకవర్గాలలో ఎన్నికల విధులు నిర్వహించు అధికారులకు, వార్తలు సేకరించు పాత్రికేయులకు ఈ అంశంపై స్పష్టత అవసరం.

మొదట తేదీ విషయం. పోలింగు నాటికి వయస్సు నిండుతుందన్న వాదన చెల్లదు. ప్రజా ప్రాతినిధ్య చట్టం, 1951లోని 36వ సెక్షను ప్రకారం నామినేషన్ల పరిశీలనకు నిర్ణయించిన తేదీయే కొలమానం. 2024 సాధారణ ఎన్నికలలో రాష్ట్రంలో పరిశీలన ఏప్రిల్ 26న, పోలింగు మే 13న జరిగినవి. 1999 మే 10న జన్మించిన వ్యక్తికి పోలింగు నాటికి 25 ఏళ్లు నిండినను, ఆ ఎన్నికలలో జగ్గయ్యపేట నుండి గాని, నందిగామ నుండి గాని పోటీకి అర్హత లేదు.

రెండవది ఓటర్ల జాబితా. ఒక వ్యక్తి ఆ నియోజకవర్గ ఓటరు అనుటకు జాబితా ధ్రువీకృత ప్రతి తిరుగులేని సాక్ష్యమని అదే సెక్షను చెప్పుచున్నది. అయితే అందులో పేరు పక్కన ఉన్న వయస్సుకు ఆ హోదా లేదు. ఈ తేడాను విస్మరించినందువల్లనే అనేక వివాదాలు వచ్చుచున్నవి.

ఈ విషయంలో నేటికీ ప్రమాణంగా నిలిచినది రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ నగర నియోజకవర్గపు వివాదం. 1985 శాసన సభ ఎన్నికలలో 25 ఏళ్లు నిండలేదన్న కారణంతో ఇద్దరు అభ్యర్థుల నామినేషన్లను రిటర్నింగ్ అధికారి తిరస్కరించారు. గెలుపొందిన బిరద్ మల్ సింఘ్వీ ఎన్నికను ఆనంద్ పురోహిత్ హైకోర్టులో సవాలు చేయగా, తిరస్కరణ సరికాదని హైకోర్టు ఎన్నికనే రద్దు చేసింది. గెలిచిన అభ్యర్థి వయస్సుపై ఏ వివాదమూ లేదన్నది ఇక్కడ గమనార్హం. 1988లో సుప్రీం కోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చింది. పాఠశాల రిజిస్టరులో పుట్టిన తేదీ ఉన్నంత మాత్రాన అది రుజువు కాదనీ, ఆ తేదీని చెప్పి వ్రాయించినది తల్లిదండ్రులా, లేక విషయం తెలిసిన మరెవరైనానా అన్నది సాక్ష్యంతో తేలాలనీ న్యాయస్థానం స్పష్టం చేసింది. ఓటర్ల జాబితాలోని వయస్సుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఈ తీర్పు నాటి భారత సాక్ష్య చట్టం 35వ సెక్షనుపై ఆధారపడినది. 2024 జూలై 1 నుండి ఆ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం 29వ సెక్షను అమలులో ఉన్నది.

ఉత్తర ప్రదేశ్‌లోని స్వార్ నియోజకవర్గం నుండి 2017లో ఎన్నికైన అబ్దుల్లా ఆజం ఖాన్ విషయంలో ఒకే వ్యక్తికి రెండు పుట్టిన తేదీలు ఎదురుపడినవి. విద్యార్హత పత్రాలలో 1993 జనవరి 1 ఉండగా, తాను 1990 సెప్టెంబరు 30న లక్నోలో జన్మించినట్లు ఆయన వాదించారు. ఆ తేదీతో లక్నో నగర పాలక సంస్థ నుండి ధ్రువపత్రం పొందినది 2015లో. అంతకు ముందే 2012లో రాంపూర్ పురపాలక సంఘం ఇచ్చిన మరొక పత్రంలో 1993 నాటి తేదీయే ఉన్నది. అలహాబాదు హైకోర్టు 2019 డిసెంబరులో ఎన్నికను రద్దు చేయగా, 2022 నవంబరులో సుప్రీం కోర్టు దానిని సమర్థించింది. జనన ధ్రువపత్రమైనను, దానిని ఎప్పుడు, ఏ అవసరం ముంగిట పొందారన్నది న్యాయస్థానాల పరిశీలనకు వచ్చునని దీనివలన తెలియుచున్నది.

రిటర్నింగ్ అధికారి చేయునది సంక్షిప్త విచారణ మాత్రమే. అభ్యంతరం వచ్చినప్పుడు అభ్యర్థి గడువు కోరితే పరిశీలన తేదీ తర్వాత రెండవ రోజు వరకు ఇవ్వవచ్చును. సందేహమున్నచో నామినేషన్ చెల్లుబాటు వైపే మొగ్గు చూపుట సముచితం. ఇందుకు బలమైన కారణం చట్టంలోని 100వ సెక్షనులో ఉన్నది. ఒక్క నామినేషన్‌ను అక్రమంగా తిరస్కరించినట్లు తేలినను మొత్తం ఎన్నిక రద్దగును. తిరస్కృతుడైన అభ్యర్థికి నాలుగు ఓట్లు కూడా వచ్చేవి కావన్న సమాధానం పనికిరాదు. ఓడిన అభ్యర్థి నామినేషన్‌ను పొరపాటున ఆమోదించి ఉంటే మాత్రం, దానివల్ల ఫలితం తారుమారైనదని పిటిషనుదారు నిరూపించవలసి ఉంటుంది. గెలిచిన అభ్యర్థికే అర్హత లేదని తేలినచో ఎన్నిక నిలువదు. ఫలితం వెలువడిన 45 రోజులలోగా హైకోర్టులో పిటిషను దాఖలు చేయాలి.

ఈ మెట్ట ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. జగ్గయ్యపేట దాటితే తెలంగాణ సరిహద్దు. కోదాడలోనో, ఖమ్మంలోనో జన్మించి, ఇవతల చదువుకున్న వారి జనన నమోదు అక్కడే ఉంటుంది. జననం జరిగిన చోటనే నమోదు చేయుట 1969 నాటి చట్టపు నియమం. కావున 2014 తర్వాత ఆ రికార్డు వేరొక రాష్ట్రపు అధికారి అధీనంలోనిది. అభ్యంతరం వచ్చిన తర్వాత రెండు రోజులలో దానిని తెప్పించుట తేలిక కాదు, కనుక పోటీ చేయదలచినవారు ముందే ధ్రువీకృత ప్రతి పొందుట మేలు. బడిలో చేర్చునపుడు ప్రధానోపాధ్యాయుడే జూన్ నెలలో ఒక తేదీ వేసిన సందర్భాలు పల్లెలకు కొత్త కావు. జాతకచక్రం చూపినచో దానిని ఎవరు, ఎప్పుడు వ్రాసినదీ నిరూపించాలి. నందిగామ షెడ్యూల్డు కులాలకు రిజర్వు చేసిన నియోజకవర్గం కనుక అక్కడ కుల ధ్రువీకరణ కూడా ఇదే బల్ల మీదికి వచ్చును.

స్థానిక సంస్థల ఎన్నికల వివాదాలను హైకోర్టు కాక ఎన్నికల ట్రిబ్యునళ్లు విచారిస్తాయి. ఇద్దరికి మించి సంతానం గలవారిపై 2024 వరకు ఉన్న అనర్హత కారణంగా, అక్కడ అభ్యర్థి వయస్సు కంటె పిల్లల పుట్టిన తేదీలపైనే తగవులు ఎక్కువగా నడిచినవి. ఆ నిబంధనను రాష్ట్రం 2024లో తొలగించినది.

జనన మరణాల నమోదు చట్టానికి చేసిన సవరణ ప్రకారం 2023 అక్టోబరు 1న గాని, ఆ తర్వాత గాని జన్మించిన వారికి పాఠశాల ప్రవేశం, ఓటర్ల జాబితా వంటి అవసరాలకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. ఆ తరం పంచాయతీలకు పోటీ చేయునది 2044లో, శాసన సభకు 2048లో. అంతవరకు రిటర్నింగ్ అధికారుల ముందుకు పాత రిజిస్టర్లే రానున్నవి.