అన్నచింత

కడుపునిండ భుజించి చేయి కడిగికొన్న కొంతసేపటికే మనసు మరల వంటయింటివైపు పరువెత్తుట మనలో పెక్కండ్రకు అనుభవమే. పురాణము చదువుచున్నను, బిడ్డకు తల దువ్వుచున్నను ఆ తలంపు విడువదు. చూచువారు దానిని జిహ్వచాపల్యమని పరిహసింతురు. ఆ నింద న్యాయమైనదేనా?

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 1944–45 సంవత్సరములలో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష గావించెను. యుద్ధమువలన క్షామమున బడినవారికి మరల బలము గూర్చు విధము నెఱుగుట దాని యుద్దేశము. ఆరోగ్యవంతులగు 36 మంది యువకులు స్వచ్ఛందముగా అందుకు సమ్మతించిరి. 24 వారములు వారికి మునుపటి యాహారములో ఇంచుమించు సగమే యొసగిరి. దేహభారము నాలుగవ వంతు తగ్గెను. మనసున గలిగిన మార్పు అంతకంటె వింతైనది. వంటయన్న నాసక్తి లేనివారు సైతము పాకశాస్త్ర గ్రంథములు చదువసాగిరి. మాటలందును కలలందును భోజనమే! తిండి పెంచిన పిదపను ఆ చింత వెంటనే తొలగలేదు. వారు తిండిపోతులు కారు. ఆకలిగొన్న దేహము మనసును పిలుచుచుండెను.

ఈ చింతను కొలుచుటకు ప్రశ్నావళులు కలవు. 2009లో ప్రకటితమైన యొకదానియందు 15 వాక్యములున్నవి. ఆహారము చెంత లేనపుడు, కంటి యెదుట నున్నపుడు, రుచి చూచినపుడు అది మనసును ఎంతగా లాగునో 1 మొదలు 5 వఱకు అంకెలతో దెలుపవలెను. ఎంత తినిరన్నది అందు ప్రశ్న కాదు.

ఇంటిలో మనమును ఒక వారము చిన్న పుస్తకమున వ్రాసికొనవచ్చును: ఆ తలంపు ఎన్నిమాఱులు వచ్చెను? ఎంతసేపు నిలిచెను? పనికి అడ్డువచ్చెనా? అంతకుముందు ఎప్పుడు, ఏమి భుజించితిమి? ఈ కడపటి ప్రశ్న ముఖ్యము. ఇంటిల్లిపాదికి వడ్డించి, ప్రొద్దు వాలిన పిదప మిగిలినది తిను ఇల్లాలికి అన్నచింత గలుగుట అబ్బురమా? ఆమెకు వేళకు భోజనమే తొలి చికిత్స.

వేళకు తృప్తిగా భుజించినను చింత వదలక నిద్రకు, పనికి భంగము కలిగించినచో, లేదా ఎదిగిన ఆడపిల్ల లావగుదునను భయమున కంచమును ద్రోసివేయుచు, చాటున దినుచున్నచో, గద్దింపక వైద్యునికి జూపుడు. ఆ పుస్తకమును వెంట గొనిపొండు. సిగ్గుచే నోట చెప్పజాలనిది ఆ పుటలే చెప్పగలవు.