నాగస్వరము విన్న మనసేల కరగును?



మా మంగళగిరిలో ఫాల్గుణమాసమున శ్రీ లక్ష్మీనృసింహస్వామివారి తిరునాళ్ళు జరుగును. స్వామి ఊరేగింపునకు బయలుదేరు వేళ, గాలిగోపురము క్రింద మేళగాడు నాగస్వరమెత్తి ఒక్క దీర్ఘస్వరమును నిలిపినంతనే, అంతవరకు ప్రత్తిధరను గూర్చియు మిరపతోటల తెగులును గూర్చియు మాటలాడుకొనుచున్న జనము మాటలు మాని అటు తిరుగుదురు. నేను ముప్పది యేండ్లు బడిలో పాఠములు చెప్పినవాడను. ఒక్కమారుగా అందరి నోళ్ళు మూయించుట నాకెన్నడును చేతకాలేదు. మాట లేని ఈ కొయ్యగొట్టమున కీ శక్తి యెక్కడిది? నేడు ఈ ప్రశ్ననే విచారింతము.

మొదట వాద్యమును చూతము. నాగస్వరము సుమారు మూడడుగుల పొడవుగల గొట్టము. పైన సన్నమై, క్రిందికి పోను వెడల్పై, గరాటు వంటి మూతితో ముగియును. వ్రేళ్ళతో మూసి తెరచు రంధ్రములు ఏడు. పైకొనను రెల్లుతో చేసిన పీక యుండును. పీకయనగా, ఒకదానిపై నొకటి యానుకొనిన రెండు పలుచని రేకులు. ఊదినప్పుడు ఈ రేకులు అదరును. ఆ అదురే నాదమగును. మేళగాని వాద్యమునకు దారముతో కట్టి వ్రేలాడుచుండు పీకలను మీరు చూచియే యుందురు. అవి అలంకారములు గావు. ఒక పీక మొరాయించినచో వెంటనే మార్చుకొనుటకు ఉంచుకొనినవి.

వీణకు మెట్లున్నవి. మెట్టుమీద వ్రేలుంచినచో స్వరము తన చోటున తాను పలుకును. నాగస్వరమున కట్టి ఆధారము లేదు. రంధ్రములు ఏడే, రాగమునకు కావలసిన సూక్ష్మస్వరములు అనేకములు. వానిని పెదవుల బిగువుచేతను, ఊపిరి ఒత్తిడిచేతను, రంధ్రమును సగము మూసియు పావు మూసియు పుట్టింపవలెను. కనుకనే స్వరము గంతు వేయక, ఒకదానినుండి యొకదానిలోనికి జారుచు పోవును. మనుష్యుడు ఏడ్చునప్పుడును, బిడ్డను జోకొట్టునప్పుడును కంఠధ్వని అట్లే జారును గదా! వాద్యము మాటలను విడిచినది గాని కంఠమును విడువలేదు. ఇది మొదటి కారణము.

రెండవది శ్రుతి. పూర్వము మేళములో ఒత్తు అను వాద్యమును పట్టి, ఒకే స్వరమును తెంపు లేకుండ ఊదు మనిషి యొకడుండెడివాడు. బుగ్గలలోని గాలిని వెడలించుచునే ముక్కుతో ఊపిరి పీల్చుకొనుట అతని విద్య. నేడా పనిని చాలచోట్ల శ్రుతిపెట్టె చేయుచున్నది. నేల కదలక నిలిచియున్నప్పుడే పక్షి యెంత యెత్తున కెగిరినదియు మనకు తెలియును. అట్లే శ్రుతి కదలక నిలిచినప్పుడే రాగము దానిని విడిచి పోవుటయు, మరల దానిని చేరుటయు మన గుండెకు తెలియును.

ఇక్కడ నొక ఆక్షేపణ కలదు. “పెండ్లిండ్లలోను గుళ్ళలోను చిన్ననాటి నుండి విన్నందున మనసు కరగుచున్నది; వాద్యము గొప్ప యేమున్నది?” అని యొకరు అడుగవచ్చును. నేనును చాలకాల మట్లే తలచితిని. కొన్నియేండ్ల క్రిందట రేడియోలో ఆర్మీనియా దేశపు వాద్యమొకటి వింటిని. దాని పేరు దుదుక్. ఖుబానీ పండ్ల చెట్టు కొయ్యతో చేయుదురు. దానికిని రెండు రేకుల పీకయే. ఒకడు రాగమును నడుపుచుండ, రెండవవాడు తెంపులేని స్వరమును పట్టుచుండును. వారును దానిని పెండ్లిండ్లలోను, చావులలోను వాయింతురు. మన నాగస్వరము ఆరుబయట మ్రోగునట్టిది. అది చెవి దగ్గర గొణిగినట్లు మెత్తగా పలుకును. యునెస్కో సంస్థ దుదుక్ సంగీతమును 2005లో మానవజాతి వారసత్వములలో నొకటిగా ప్రకటించినది. ఆ దేశమును నేను చూడలేదు, ఆ భాష యెరుగను. అయినను నా కన్నులు చెమర్చినవి. కావున కొంత శక్తి నాదములోనే కలదని యొప్పుకొనక తప్పదు.

కాని ఆ కన్నీటి కొక పేరు లేదు, ఒక ముఖము లేదు. అప్పగింతల వేళ మా ఊరి మేళగాడు నాదనామక్రియ నెత్తుకొన్నప్పుడు వచ్చు కన్నీటికి ముఖము కలదు. నాదము తలుపు తెరచును. లోపలినుండి వచ్చునది మన జ్ఞాపకమే. రెండును కలసినప్పుడే విద్య పరిపూర్ణమగును.

ఆ విద్యకు మన సీమ పుట్టినిల్లు వంటిది. ఒంగోలు చేరువనున్న కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబుగారు తండ్రివద్దను, చిలకలూరిపేట ఆదం సాహెబుగారి వద్దను నేర్చి, పిమ్మట తంజావూరు సీమకు పోయి అక్కడి బాణీని సాధించిరి. శ్రీరంగమున స్థిరపడి, 1977లో పద్మశ్రీని, 1998లో మదరాసు సంగీత అకాడమీవారి సంగీతకళానిధి బిరుదమును పొంది, 1999లో పరమపదించిరి. ముసల్మాను గృహమున పుట్టి త్యాగరాజస్వామి రామకీర్తనలను తన్మయులై వాయించిన మహానుభావులు వారు. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. నాదమునకు కులమతములు లేవని మనము శ్లోకములలో చదువుదుము. వీరు దానిని ఊపిరితో నిరూపించిరి.

ఇక నా తప్పొకటి చెప్పుకొనవలెను. నా కుమార్తె వివాహమునకు, ఖర్చు తగ్గునని, మేళమును మాని పాటలు వినిపించు యంత్రమును కుదిర్చితిని. అప్పగింతల వేళ యంత్రము నడుపు పిల్లవాడు భోజనమునకు పోయినాడు. యంత్రము ఊరేగింపుపాట నొకదానిని ఉత్సాహముగా మ్రోగించుచునే యున్నది. మేళగాడైనచో తల్లి ముఖమును చూచి రాగమును సాగదీయును, పిల్ల కాలు కదపగానే ముగించును. యంత్రమునకు ముఖములు కనబడవు. ఎవరికిని ఏడుపు రాలేదు. ఆ రాత్రి నా భార్య, “పెండ్లి అయినది గాని పిల్లను పంపినట్లు లేదండీ” అన్నది. మా వీధి వృద్ధ మేళగాడు ఆ దినమున చుట్టములతో పాటు పంక్తిని కూర్చుండి భుజించి, నన్నొక్క మాటయు ననక వెడలిపోయెను. వారి యింట ఇప్పుడు నాగస్వరము నేర్చిన పిల్లవాడు లేడు. నాబోటి గృహస్థులు ఎందరో అట్లే లెక్క చూచుకొనిరి. ఆ లెక్కలన్నియు కూడి వారి పిల్లలను వేరు పనులకు పంపినవి.

గ్రామపెద్దలారా! మీ మాట ఊరిలో చెల్లును. మీ యింట జరుగు శుభకార్యమునకు, మీ గుడి ఉత్సవమునకు మేళమును పిలువుడు. బేరమాడక సంభావన యిండు. వాయించువారిని గోడప్రక్క నిలువబెట్టక, నలుగురి నడుమ చాపవేసి కూర్చుండబెట్టుడు. వారి యెదుట మీ మనుమలను కూర్చుండబెట్టుడు. నాదము తన పని తాను చేయును. కాని నేడు వినని పిల్లవానికి రేపు జ్ఞాపకముండదు. తలుపు తెరచినను, లోపలినుండి వచ్చువారుండరు.