నీటి లోతున వెలుగు

నీరు పారదర్శకమే అయినా కాంతికి అది సులభమైన మార్గం కాదు. సూర్యకిరణాలలో కొంత భాగం నీటి ఉపరితలం నుంచే వెనుదిరుగుతుంది. లోపలికి ప్రవేశించిన కాంతిని నీరు, అందులోని ఒండ్రు, నాచు క్రమంగా హరిస్తాయి. స్వచ్ఛమైన నీటిలో ముందుగా అంతరించేది ఎరుపు రంగు. నీలం మరింత లోతుకు చేరుతుంది. అందుకే సముద్రగర్భంలో తీసిన ఛాయాచిత్రాలు నీలి కాంతితో నిండి ఉంటాయి.

శ్వాసగొట్టాన్ని నోట ధరించి, నీటిపై తేలుతూ విహరించడాన్ని స్నార్కెలింగ్ అంటారు. అలా విహరిస్తూ చిత్రాలు తీసేవారికి వెలుగును కొలవడం తప్పనిసరి. ఒక జలాశయంలో మీటరు మీటరుకూ వెలుగు సగమవుతుందని అనుకుందాం. నాలుగు మీటర్ల లోతున మిగిలేది పదహారో వంతు మాత్రమే. ఒడ్డున సెకనులో 1/500 వంతు కాలం చాలిన చిత్రానికి, అక్కడ దాదాపు 1/30 వంతు కాలం కావాలి. అంతసేపట్లో చేప కదిలితే చిత్రం అలుక్కుపోతుంది. కాంతిమాపకాన్ని పైకి చూపితే ఉపరితలపు మెరుపే నమోదై, చేప నల్లని నీడగా మిగులుతుంది. కాబట్టి చేప ఉన్న లోతులోనే, ఇసుక మీదనో అరచేతి మీదనో పడే వెలుగును కొలవాలి. చేపకు వీలైనంత చేరువలో ఉంటే మధ్యనున్న నీరు తగ్గి, రంగులు కొంత నిలుస్తాయి.

వెలుగు కొలతకు యంత్రమే అవసరం లేదు. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆంజెలో సెకీ, మధ్యధరా సముద్రంలో తెల్లని బిళ్లలను తాడుతో దించి, అవి కనుమరుగయ్యే లోతును నమోదు చేశారు. నేడు సరస్సులలో నలుపు తెలుపు భాగాలున్న 20 సెంటీమీటర్ల బిళ్లను వాడుతున్నారు. అది కనుమరుగైన లోతునూ, పైకి లాగుతున్నప్పుడు తిరిగి కనిపించిన లోతునూ కూడి సగం చేస్తే నీటి స్వచ్ఛత తెలుస్తుంది.

ఈ కొలత గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు ఎంతో ఉపయోగకరం. జూరాల జలాశయానికి ఒక ఒడ్డున గద్వాల జిల్లా, మరో ఒడ్డున వనపర్తి జిల్లా ఉన్నాయి. నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల వద్ద కృష్ణానది శ్రీశైలం జలాశయంగా విస్తరించింది. వానాకాలంలో కొత్తనీరు ఒండ్రును మోసుకొచ్చినప్పుడు బిళ్ల త్వరగా మాయమవుతుంది. వరద తగ్గి ఒండ్రు అడుగున పేరుకొన్న కొద్దీ, అది మరింత లోతు వరకు కనిపిస్తుంది.

వరద లేని రోజులలోనూ బిళ్ల త్వరగా కనుమరుగైతే అది హెచ్చరిక. పొలాల ఎరువులు, ఊళ్ల మురుగు చేరి నాచు దట్టంగా పెరిగితే వెలుగు అడుగుకు చేరదు. అక్కడి మొక్కలు చనిపోతాయి. అవి కుళ్లే క్రమంలో నీటిలోని ప్రాణవాయువు తరిగిపోతుంది. చేపలు నశిస్తాయి. పుట్టిలో వలతో బయలుదేరే జాలరి బతుకు బరువెక్కుతుంది.

జలాశయంలోకి దిగడం ప్రమాదకరం. ఈ కొలతకు దిగవలసిన అవసరమూ లేదు. రక్షణ కవచం ధరించి, అనుభవజ్ఞుల తోడుతో, పడవలో నీడపడిన వైపు నుంచి బిళ్లను దించితే చాలు. ప్రతినెలా అదే చోట, అదే వేళకు కొలిచి రాసిపెట్టిన అంకెలు నది ఆరోగ్యాన్ని తెలుపుతాయి. కంటికి కనిపించని మార్పును ముందుగా పసిగట్టడమే శాస్త్రం మనిషికి చేసే మేలు.