చెయ్యి అందనప్పుడు పాట

పాట కడుపు నింపదు, చలి ఆపదు. అయినా పాటలేని మానవ సమాజం ఇంతవరకూ కనిపించలేదు. జర్మనీలోని హోలె ఫెల్స్ గుహలో 2008లో రాబందు ఎముకతో చేసిన పిల్లనగ్రోవి దొరికింది. దాని వయసు దాదాపు 40,000 ఏళ్లు. అంటే సేద్యం నేర్వడానికి ఎన్నో వేల ఏళ్ల ముందే మనిషి రాగం తీశాడు.

ఎందుకు? పక్షుల్లాగే మన పూర్వీకులూ జోడు కోసం పాడి ఉంటారని డార్విన్ 1871లో ఊహించాడు. సంగీతం వేరే పనులకోసం ఏర్పడిన మెదడు శక్తులకు చక్కిలిగిలి పెడుతుందే తప్ప, మనుగడకు దానితో పనిలేదని మనస్తత్వవేత్త స్టీవెన్ పింకర్ 1997లో వాదించాడు. ఈ రెండు వాదాల్లోనూ పసిబిడ్డకు చోటు లేదు. నాకు అదే పెద్ద లోటనిపిస్తుంది.

కోతిపిల్ల తల్లి బొచ్చు పట్టుకుని వేలాడుతుంది. మన బిడ్డకు ఆ పట్టూ లేదు, మన ఒంటిమీద ఆ బొచ్చూ లేదు. దుంపలు తవ్వాలంటే తల్లి బిడ్డను కింద పెట్టాలి. పెట్టగానే ఏడుపు. అప్పుడు చెయ్యి చేసే పనిని గొంతు అందుకుందని మానవశాస్త్రవేత్త డీన్ ఫాక్ అంటారు. ఎత్తుకోకపోయినా పక్కనే ఉన్నానని బిడ్డకు తెలియజెప్పే ఆ కూనిరాగాల్లోనే మాటకు బీజం పడిందని ఆమె ప్రతిపాదన. నాకైతే పాటకు కూడా అక్కడే బీజం పడిందనిపిస్తుంది. గొంతులు శిలాజాలుగా మిగలవు కాబట్టి దీన్ని నేరుగా రుజువు చేయలేం. కానీ ఇప్పటి పసివాళ్లను గమనించవచ్చు.

బిడ్డ కడుపులో ఉండగానే వినడం మొదలుపెడుతుంది. పుట్టిన రెండు మూడు రోజులకే, తాళంలో ముఖ్యమైన దెబ్బ తప్పితే మెదడు పసిగడుతుందని 2009లో తేలింది. హార్వర్డ్ పరిశోధకులు అమెరికాలోని పసిపిల్లలకు ఎన్నడూ వినని భాషల పాటలు వినిపించారు. జోలపాటలకు వాళ్ల గుండె వేగం మిగతా పాటలకన్నా ఎక్కువగా తగ్గింది. మాట తెలియదు, రాగమూ కొత్తదే. అయినా లాలి లాలిగానే అందింది.

గుంపు సంగతీ ఇలాంటిదే. కోతులు ఒకదాని ఒంట్లో ఒకటి పేలు ఏరుతూ చెలిమి నిలుపుకుంటాయి. ఆ స్పర్శకు మెదడులో ఎండార్ఫిన్లు ఊరుతాయి. కానీ ఒకసారికి ఒక్కరినే అలా నిమరగలం. పాట ఒకేసారి అందరినీ తాకుతుందని పరిణామ మనస్తత్వవేత్త రాబిన్ డన్బార్ అంటాడు. వరినాట్లలో ఒకామె ఎత్తుకున్న పాటను వరుసంతా అందుకున్నప్పుడు జరిగేది అదే. లండన్‌లో విడివిడి బృందాల్లో పాడేవాళ్లను ఒకచోట చేర్చి, 232 మందితో కలిపి పాడించి చూశారు. అందులో చాలామందికి ఒకరి ముఖం ఒకరికి తెలియదు. పాడాక నొప్పిని ఓర్చుకునే శక్తి పెరిగింది. దగ్గరితనం మాత్రం పరిచయమున్న చిన్న బృందాల్లోకన్నా ఆ పెద్ద గుంపులోనే ఎక్కువగా పెరిగింది.